పటాసు ముక్కు తెరుచుకున్న రోజు

ఆ ఇంటి పిల్లి పేరు పటాసు. రంగు చూసి పెట్టిన పేరు కాదు, చురుకు చూసి అసలే కాదు. అది ఒక్క తుమ్ముతో ఆగదు. మొదలెట్టిందంటే వత్తి అంటించిన టపాకాయల దండలా ఠప్‌ ఠప్‌ ఠప్‌మని గది ఈ మూల నుంచి ఆ మూల దాకా తుమ్ముకుంటూ పోతుంది. ప్రతి తుమ్ముకీ ఆ ఇంటి తల్లి, చేతిలో ఏ పనున్నా సరే, "నూరేళ్ళు!" అంటుంది.

"నువ్విచ్చిన నూరేళ్ళన్నీ కూడితే ఇది మన మునిమనవల పెళ్ళిళ్ళు కూడా చూసేట్టుందే," అంటాడు తండ్రి.

"చూడనివ్వండి. మీ సొమ్మేం పోయింది?" అంటుంది తల్లి. నవ్వదు. తుమ్మితే ఊడే ముక్కు అన్నమాట లోకమంతా ఊరికే వాడుకుంటుంది కానీ, ఆమెకది నిజంగానే కళ్ళముందు కనబడుతుంది.

కింద బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం, పైన ఇల్లు. రెండేళ్ళ క్రితం కూతురు, కళ్ళు పుసులతో అతుక్కుపోయిన ఈ పిల్లిపిల్లను బడిసంచీలో పెట్టుకుని వచ్చింది. "ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్న తల్లే అన్నం కూడా తినకుండా కూర్చుని, గోరువెచ్చని నీళ్ళతో దాని కళ్ళు విప్పింది. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి సంచీ మోసిందీ ఆమే.

"పసితనంలో పట్టిన వైరస్ అమ్మా," అంది డాక్టరమ్మ. "అద్దె కట్టకుండా, ఖాళీ చెయ్యకుండా కూర్చునే మొండివాడి లాంటిది. చలేసినా, బెదిరినా లేచి అల్లరి చేస్తుంది. మనుషులకి అంటదు. పూర్తిగా పోదు గానీ అదుపులో పెట్టుకోవచ్చు."

తల్లి చెవిన 'పూర్తిగా పోదు' అన్నదొక్కటే పడింది. ఇంటికొచ్చే దారంతా కొంగు తడుపుకుంటూనే ఉంది.

ముక్కూ కళ్ళూ తుడవమన్నారు, తుడిచింది. తిండి వెచ్చచేసి పెట్టమన్నారు, పెట్టింది. ముక్కు బిగుసుకున్నప్పుడు స్నానాలగదిలో వేడినీళ్ళు వదిలి ఆ ఆవిరిలో కాసేపు కూర్చోబెట్టమన్నారు. అది మాత్రం చెయ్యలేదు. చెయ్యనివ్వలేదు కూడా.

ఆమెవి ఇస్త్రీ పట్టిన చేతులు. ఆ పనిలో ఆమె నేర్చుకున్న వేదం ఒక్కటే: చెమ్మ మిగిలిందా, బట్ట చెడిందే. మడత పెట్టేముందు ప్రతి చొక్కా కాలరునూ చెంపకు ఆనించి చూస్తుంది. పిసరంత తడి తగిలినా మళ్ళీ పెట్టె కిందికే. బట్టకున్న న్యాయం పిల్లికి లేకుండా పోతుందా? అందుకే పటాసు గదికి కిటికీలు బిగించింది, హీటరు పెట్టింది, ఉన్ని దుప్పటి వేడిచేసి పరిచింది. గది ఎండుటాకులా గలగలలాడేంత పొడిగా ఉండేది. పిల్లి ముక్కులో చీమిడి కూడా అలాగే ఎండి గట్టిపడుతోందని ఆమెకు తోచలేదు.

ఈసారి పటాసు తుమ్మడం కూడా మానేసింది. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయి, నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది. నిన్నటి నుంచి గిన్నె వైపు చూడలేదు. కూతురు డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"నోటితో ఊపిరి తీస్తోందంటే ఆలస్యం చెయ్యకూడదు, సాయంత్రం నేను రాగానే తీసుకురండి. పిల్లికి వాసన తెలీకపోతే తిండి తిండే కాదు. ఏమీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాల్సి ఉంటుంది. ఈలోగా ఆవిరి పట్టండి."

గొట్టం అన్న మాట ఫోన్లోంచి తల్లి చెవిన పడింది. ఆ చిన్న ముక్కులోకి గొట్టమా! దిగేటప్పుడు ఏ నరమో తెగితే?

"అమ్మా, ఆవిరి పడదాం," అంది కూతురు.

"ఆవిరి పడితే ఛాతీలోకి నీరు దిగుతుందే! ముక్కుతో పోయేదాన్ని ఊపిరితిత్తుల దాకా తెచ్చుకుంటామా?"

"డాక్టరుగారి కంటే నీకెక్కువ తెలుసా?"

"తెలీదు. భయం మాత్రం నాకే ఎక్కువ."

సాయంత్రం కోసం గంటలు లెక్కపెట్టుకుంటూనే, ఇస్త్రీ చేసిన దుప్పట్ల మూట రెండు చేతుల్లో ఎత్తుకుని, మడమతో తలుపు లాగి, కిందికి దిగింది. తలుపు పడిందనుకుంది. పడలేదు. తిరిగొచ్చేసరికి ఉన్ని దుప్పటి మీద వెచ్చటి గుంట మిగిలింది. పిల్లి లేదు.

"ఏమండీ! పటాసు పోయింది!"

చెప్పుల్లేకుండా వీధిలో పడింది. వెనకాలే కూతురు. "పటాసూ! పటాసూ!" అని తల్లి పెట్టే కేకలకు ఎదురొచ్చేవాళ్ళు చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయారు.

"ఎక్కడమ్మా పేలింది?" అన్నాడొక తోపుడుబండి పెద్దాయన, బండి కిందికి వంగుతూ.

"పేలలేదయ్యా! పేలితే ఇంత బాధెందుకు? ఆగిపోయింది!"

ఆయన ఇంకా లోపలికి దూరాడు. కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తల్లి మాత్రం ఆగలేదు. కార్ల కిందికి వంగి చూసింది, మురుగుకాలవ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రతి చక్రం కిందా ఆమెకు పటాసే కనబడింది. ఊపిరందని ప్రాణి, ఎక్కడ పడిపోయిందో, ఏ కుక్క చూసిందో!

అప్పుడు దుకాణం లోంచి తండ్రి గొంతు వినబడింది. "ఏమే! ఇలా రా! అరవకుండా రా!"

ఇద్దరూ పరుగెత్తారు.

దుకాణం వెనక భాగంలో పెద్ద ఆవిరి ప్రెస్సు ఉంది. దాని గొట్టం అతుకు దగ్గర ఎప్పటి నుంచో కాస్త ఆవిరి లీకవుతోంది. బిగించమని తల్లి రోజూ భర్త ప్రాణం తోడేస్తూనే ఉంది. చెమ్మ అంటే ఆమెకు పడదు మరి. ఆ ఆవిరి గోడవారగా పొగమంచులా పరుచుకుంటుంది. ఆ పొగమంచులో, గొట్టానికి బారెడు దూరంలో, గోనెసంచి మీద, తపస్సు చేసే మునిలా కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది పటాసు. మీసాల మీద నీటిబొట్లు.

"అయ్యో, తడిసి ముద్దయిపోయింది!" తల్లి ముందుకు దూకింది.

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఒక్క నిమిషం. దాని నోరు చూడు."

నోరు మూసి ఉంది. నిన్నటి నుంచి తెరిచే ఉన్న నోరు మూసి ఉంది! ముక్కులో ఏదో గురగురలాడింది. పటాసు మెడ చాపింది, తల వెనక్కి వంచింది...

ఠప్‌! ఠప్‌! ఠప్‌ ఠప్‌ ఠప్‌!

ప్రెస్సు మీదున్న తెల్ల చొక్కా మీద ఇంత పొడుగు చీమిడి పడింది.

"నూరేళ్ళు!" అంది తల్లి. "నూరేళ్ళు, నూరేళ్ళు, నా తల్లే!"

"చొక్కా వకీలుగారిదే," అన్నాడు తండ్రి.

"ఆయనకీ నూరేళ్ళు. మళ్ళీ ఉతుకుతాను!"

పటాసు ముక్కు కదిలింది. ఎడమకి, కుడికి, పైకి. మీసాలు ముందుకు వాలాయి. వెచ్చగా ఉంటుందని గొట్టం పక్కనే బల్ల మీద పెట్టుకున్న తండ్రి క్యారేజీ వైపు తిరిగింది. రక్తపోటు ఉందని తల్లి ఆయనకు కట్టే ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన చేప. ఆయన దాన్ని రోజూ "ఆసుపత్రి చేప" అని తిడుతూ తింటాడు.

"మూత తియ్యండి!" అంది తల్లి. "త్వరగా తియ్యండి!"

మూత తీయగానే ఆవిరితో పాటు వాసన లేచింది. పటాసు బల్లెక్కేసింది. తల్లి ముళ్ళు ఏరి, చిదిమి, అరచేతిలో పెట్టింది. ఆ గరుకు నాలుక అరచేతికి తగిలింది. ఒకసారి. మళ్ళీ. తర్వాత ఆగలేదు.

"తింటోంది! ఏమండీ, తింటోంది!" అంది తల్లి. కూతురు గెంతింది, తండ్రి చప్పట్లు కొట్టాడు, బట్టలివ్వడానికొచ్చిన ఆవిడ ఎందుకో తెలియకుండానే కొట్టింది.

తల్లి ఎడంచేత్తో ఫోనందుకుంది. "డాక్టరమ్మా! ముక్కు తెరుచుకుంది! నోరు మూసుకుని ఊపిరి తీస్తోంది! తిన్నది! ఆవిరిలో కూర్చుని తిన్నది!"

"చూశారా? నేను చెప్పిందీ అదే కదమ్మా. గొట్టం అక్కర్లేదులెండి. సాయంత్రం ఒకసారి తెచ్చి చూపించండి. ఆవిరి మాత్రం స్నానాలగదిలోనే పట్టండి, వేడి నేరుగా తగలకూడదు."

"అలాగేనమ్మా." తల్లి పటాసు పొట్ట తడిమి చూసింది. "మరి ఇంత తిన్నది కదా... అరక్క ఏమైనా అవుతుందంటారా?"

అవతల డాక్టరమ్మ నవ్వు దుకాణమంతా వినబడింది.

డాక్టరమ్మ దగ్గర్నుంచి తిరిగి రాగానే పైన కిటికీలు తెరుచుకున్నాయి. హీటరు అటక ఎక్కింది. స్నానాలగదిలో వేడినీళ్ళు వదిలి, తలుపేసుకుని, ఒళ్ళో పటాసుతో ఆవిరిలో కూర్చుంది తల్లి. చీర తడిసింది, జుట్టు తడిసింది. కాలరు చూసినట్టే ఒకసారి పిల్లి వీపుకు చెంప ఆనించింది. చెమ్మగా ఉంది. ఉండనీ అనుకుంది.

కింద టంగుటంగుమని చప్పుడైంది. ఆమె తలుపు తీసుకుని తడిబట్టలతోనే మెట్ల దాకా వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"గొట్టం బిగిస్తున్నానే. ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశావుగా!"

"దాని జోలికెళ్ళారంటే రేపు మీకు క్యారేజీ ఉండదు!"

"ఎలాగూ అది తినేదేగా!"

లోపల్నుంచి ఠప్‌మని ఒకే ఒక్క తుమ్ము వినబడింది.

"నూరేళ్ళు!" అన్నారు ముగ్గురూ, మూడు చోట్ల నుంచి.