నోరు దాటని లెక్క

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో గిద్దలూరు స్టేషన్ దగ్గర నాగేశ్వర్లుకు కిరాణా దుకాణం ఉండేది. బి.ఏ. రెండుసార్లు తప్పి అందులో కూర్చున్నాడు. తనకెటూ రాని ఉద్యోగం పక్కవాళ్ళకైనా రావాలని, చదువు ముగించుకొచ్చిన పిల్లలకు అర్జీలు రాసిపెట్టి, బెల్లం బస్తాల మధ్య ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు గానీ తిట్లు ధారాళంగా పెట్టేవాడు.

పెద్దారవీడు అంకన్న తన వంశంలో మొదటి బి.ఏ. రెండేళ్ళుగా పెట్టిన అర్జీలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. ఇప్పుడు ఊరూరా పశువుల లెక్క రాసే గుమాస్తా పనికి పిలుపొచ్చింది. ఇదీ పోతే కర్ర పట్టుకుని మంద వెంట నడవాల్సిందే.

"మీకు గొర్రెలెన్ని?" ఆఫీసరు గొంతు పెట్టి అడిగాడు నాగేశ్వర్లు.

అంకన్న తల తిప్పి బెల్లం బస్తాల వంక చూశాడు.

"చెప్పవేంది?"

"మంద లెక్క నోటితో చెప్పగూడదన్నా. దిష్టి తగుల్తాది. మాయమ్మ ఇంతవరకూ ఎవురికీ చెప్పలా."

"బి.ఏ. చదివి ఇదేందప్పా. రేపు ఊరోళ్ళను ఆ లెక్క అడగాల్సినోడివి నువ్వే."

అంతలో ఎవరో చింతపండుకొచ్చారు. "నిండుకుంది, రేపు రాండి" అని పంపేశాడు నాగేశ్వర్లు.

"లేదని చెప్పొచ్చు గదన్నా" అన్నాడు అంకన్న, నవ్వాపుకుంటూ.

"దుకాణంలో లేదనగూడదు" అనేశాక గానీ నాగేశ్వర్లుకు తన మాట తనకు వినపడలేదు. కాసేపు తల గోక్కున్నాడు. "సరే. అక్కడ అబద్ధం చెప్పమాకు. ఉన్నదున్నట్టు చెప్పు."

కర్నూల్లో ఆఫీసరు సరిగ్గా అదే అడిగాడు. మంద లెక్క నోటితో చెప్పగూడదని అంకన్న ఉన్నదే చెప్పాడు. "మీవాళ్ళు నోరు విప్పకపోతే లెక్కెట్లా రాస్తావు?" అన్నాడాయన.

"అడగను సార్. తెల్లారి మంద మేతకు పోయేటప్పుడు దొడ్డి కాడ నిలబడి మనసులో లెక్కబెట్టుకుంటా. మాయమ్మ అట్లనే చేస్తాది."

ఉద్యోగం వచ్చింది. మొదట రాయాల్సిన ఊరు పెద్దారవీడే అయింది. సర్కారు కాగితాలు చంకన పెట్టుకుని అంకన్న సొంత దొడ్డి ముందు దొంగలా నిలబడ్డాడు. తాను అమ్మకు కొడుకే అయినా లెక్క సర్కారుది. అమ్మ వద్దంటే కాగితంలో ఆ గడి ఖాళీగా వదలాలి, వదిలితే ఉద్యోగం నిలవదు.

మాలకొండమ్మ కాగితాల వంక చూసింది, కొడుకు వంక చూసింది. తడిక కొంచెమే తీసి, ఒక్కొక్క గొర్రే బయటికొచ్చేట్టు కాలు అడ్డం పెట్టింది. అంకన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం మంద దాటేసరికి లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాడు.

"తప్పినట్టుండావు" అంది మాలకొండమ్మ. "ఉండు, మళ్ళీ లోపలికి తోల్తా."