ఆటకు వెన్ను చూపినవాడు

"పల్లీలమ్మా, పల్లీలు! ఉప్పు పల్లీలు! మన కొంగల ఆటలో ఉప్పు లేదని ఏడవకండి, మొత్తం నా తట్టలోకే వచ్చేసింది!"

బేస్‌బాల్ స్టేడియంలో నూట పద్నాలుగో బ్లాకు మెట్ల మీద, కింద నుంచి పైకి, మెట్టుకో చమత్కారం చొప్పున ఎక్కుతున్నాడు కాజ్ ద్రోబ్నీ. అరవై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. పొట్ట మాత్రం పొట్టిది కాదు. మెడపట్టీకి వేలాడే పల్లీల తట్టకు అదే ఆధారం. నలభై ఒక్క వేసవుల ఎండ తిని ముక్కూ చెవులూ ఇటుక రంగుకు తిరిగాయి. టోపీ కింద జుట్టు లేదు. జుట్టున్న రోజుల్లో టోపీ లేదు. రెండు మోకాళ్ళకూ నల్లటి పట్టీలు. కుడి మోకాలు మెట్టు ఎక్కేటప్పుడు టక్కుమంటుంది, ఎడమది దిగేటప్పుడు. "పని పంచుకున్నాయి, కొట్లాడుకోవు" అంటాడు వాటి గురించి.

పేరు వింటే మనకు జీడిపప్పు కాజూ గుర్తొస్తుంది, అమ్మేది పల్లీలు. తెలుగువాడికి నవ్వొచ్చే ఈ సంగతి పోర్ట్ కార్లిన్ ఊళ్ళో ఎవరికీ తెలియదు గనక, ఆ ఒక్క హాస్యాన్నీ అతను చేయకుండా వదిలేశాడు. మిగిలినవేవీ వదల్లేదు.

పదిహేను వరుసల అవతల ఎవరైనా వేలెత్తితే చాలు, పొట్లాన్ని వీపు వెనక నుంచి తిప్పి విసురుతాడు. అది నాలుగు తలలూ రెండు టోపీలూ దాటి, వేలెత్తినవాడి ఒళ్ళోనే వాలుతుంది. "చూశారా? బంతి విసిరే మన పిచర్లు నా దగ్గర ట్యూషన్ పెట్టించుకోవాలి" అంటాడు. ఆ మాట అనని రోజు లేదు, జనం నవ్వని రోజూ లేదు. హెరన్స్ జట్టు పేరుకు కొంగలేగాని, పదేళ్ళుగా ఒక్క చేపనూ పట్టిన పాపాన పోలేదు. ఈ ఏడాది కూడా పట్టికలో అడుగునే ఉన్నాయి. అడుగునున్న జట్టును అభిమానించాలంటే గుండె ధైర్యం చాలదు, కాస్త హాస్యం కూడా ఉండాలి. ఆ సరుకు సరఫరా చేసేది కాజే.

అయితే ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. కొనేవాడి మొహం మైదానం వైపు, అమ్మేవాడి మొహం కొనేవాడి వైపు. అంటే కాజ్ వీపు ఎప్పుడూ ఆట వైపే. నలభై ఒక్క ఏళ్ళుగా రోజూ స్టేడియానికి వస్తూ, ఆట చూడని మనిషి ఊరు మొత్తానికీ అతనొక్కడే. చూడకపోయినా తెలుస్తుంది. తలలన్నీ ఎడమకు తిరిగి ఆగిపోతే బంతి గీత దాటి వృథాగా పడినట్టు. గడ్డాలు పైకి లేచి మెల్లగా దిగితే తేలికైన క్యాచ్. నోళ్ళు తెరుచుకుని మూసుకోకపోతే మన ఫీల్డరు బంతి జారవిడిచినట్టు. కొంగల జట్టు పుణ్యమా అని ఈ మూడోది అతనికి కంఠతా వచ్చు.

ఇవాళ ఆదివారం, సీజనులో ఆఖరి ఆట. కాజ్‌కు మాత్రం ఉద్యోగంలోనే ఆఖరి ఆట. ఇక మెట్లు ఎక్కావంటే మోకాళ్ళు మార్చాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. అందుకే పొద్దున్నే ఒక కోరిక కోరుకున్నాడు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలుకాగానే తట్ట దింపి, ప్రేక్షకుడిలా కూర్చుని, మొహం మైదానం వైపు పెట్టి, ఆఖరి ఔట్ కళ్ళారా చూడాలి. ఒక్క ఔట్ చాలు. తొమ్మిదో వరుసలో మెట్ల పక్క కుర్చీలో కూర్చునే లొరేన్ పెటీ, తన పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి అతని కోసం కాపాడుతోంది. డెబ్బై దాటిన మనిషి. పెదవులకు ఎర్రరంగు, ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు. ప్రతి బంతికీ ఒక గుర్తు పెడుతుంది.

"నీ కుర్చీ భద్రం కాజ్," అంది. "ఆ మ్యూల్స్ జట్టు వాళ్ళు కొట్టి కొట్టి సాయంత్రం దాకా సాగదీయకపోతే."

"మ్యూల్స్ అంటే కంచరగాడిదలు లొరేన్. వాటికి తన్నడమే గానీ కొట్టడం రాదు."

ఎగతాళికి అన్న మాట అది. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి నిజమై కూర్చుంది. కొంగల తరఫున పెన్యా అనే కొత్త కుర్రాడు ఎడమచేత్తో బంతి విసురుతుంటే, మ్యూల్స్ బ్యాట్లు గాలిని తప్ప దేన్నీ కొట్టడం లేదు. ఇటు కొంగలు ఒకే ఒక్క పరుగు తీసి, అలవాటు లేని ఆధిక్యాన్ని ఏం చేసుకోవాలో తోచక దిక్కులు చూస్తున్నాయి.

లొరేన్ పుస్తకంలో మ్యూల్స్ పేజీ వైపు చూసి, చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. వెనక వరుసలోంచి డ్వేన్ హాచర్ అది గమనించాడు. వృత్తి ప్లంబరు, గొంతు పైపుల్లోంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ గొంతు ఒక్కసారిగా బందైంది.

తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు ఒక్కసారి కూడా బంతిని సరిగ్గా కొట్టి బేస్ చేరలేకపోతే, దానికో పేరుంది. పోర్ట్ కార్లిన్‌లో అది జరిగి యాభై రెండేళ్ళయింది. జరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరూ పలకరు. నోరు జారితే బంతీ జారుతుందని నమ్మకం. కూర్చున్నవాళ్ళు లేవరు, లేచినవాళ్ళు కూర్చోరు. మనమూ ప్రస్తుతానికి పలకొద్దు, ఎందుకొచ్చిన గొడవ.

ఈ మర్యాద తెలియనివాడు ఆ బ్లాకులో ఒక్కడే ఉన్నాడు. డ్వేన్‌కు కొత్తగా వచ్చిన అల్లుడు ఎరిక్. ఫుట్‌బాల్ మనిషి.

"మామయ్యా, స్కోరుబోర్డు చూశారా? వాళ్ళకి ఇప్పటిదాకా ఒక్క..."

మిగతా మాట బయటికి రాలేదు. డ్వేన్ చేతిలోని హాట్‌డాగ్ సగానికి సగం ఎరిక్ నోట్లో ఉంది.

"నమలు," అన్నాడు డ్వేన్. "మాట్లాడకు. నమలు."

"మామగారి మర్యాద అంటే ఇదీ!" అన్నాడు కాజ్. "అల్లుణ్ణి నోరెత్తకుండా చేయడానికి నా మామకి పదేళ్ళు పట్టింది."

ఐదో ఇన్నింగ్స్ చివర, అలవాటు ప్రకారం కాజ్ పక్క బ్లాకుకు వెళ్ళాడు. మూడు పొట్లాలు అమ్మాడో లేదో, వీపు వెనక 'టక్' అని గట్టి చప్పుడు. గడ్డాలన్నీ లేచి, ఇంకా లేచి, మైదానం చివరి గోడ వైపు తిరిగి ఆగాయి. కొంగల ఫీల్డరు గోడకు గుద్దుకుంటూ బంతి పట్టాడు. అది అదృష్టమో ప్రమాదమో వాడికే తెలియదు.

"కాజ్!" డ్వేన్ కేక రెండు బ్లాకులు దాటింది. "పెద్దాయనా, ఎక్కడికి పోయావ్? నువ్వటు పోయావో లేదో, వాడు గోడదాకా కొట్టేశాడు!"

"నేను పల్లీలమ్మేవాణ్ణయ్యా, గోడలకు కాపలావాణ్ణి కాదు."

"పద, నీ మెట్టు మీదికి పద. మొదటి నుంచీ మా బ్లాకులోనే ఉన్నావ్, ఇక ఆ తొమ్మిదో వరుస దగ్గరే ఉండు. కదిలావంటే ఒట్టు."

"నా తట్టలో నలభై పొట్లాలున్నాయి."

"అన్నీ మేమే తినేస్తాం! నువ్వు నిలబడు చాలు."

ఆ మాటతో నూట పద్నాలుగో బ్లాకు తినడం మొదలుపెట్టింది. ఆకలితో కాదు, భయంతో. బంతి బంతికీ గుప్పెడు పల్లీలు. పైవరుసల నుంచి తొక్కలు వానలా రాలి మెట్ల మీద పేరుకున్నాయి. కాజ్ బూట్లు చీలమండల దాకా వాటిలో మునిగాయి.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆశ ఆపుకోలేక ఒక్కసారి మెడ తిప్పాడు. పచ్చటి మైదానం, ఎండలో తెల్లటి గీత, దాని పక్కన ఎగిరిన మట్టి దుమ్ము కనిపించాయి. బంతి గీతకు వేలెడు దూరంలో అవతల పడింది. ఇవతల పడి ఉంటే అంతా అయిపోయేది.

మొత్తం బ్లాకు ఊపిరి వదిలి అతని వైపు చూసింది. ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ నొప్పి కలిగించింది.

లొరేన్ నెమ్మదిగా అంది: "కాజ్... నువ్వు అటు తిరక్కపోతేనే..."

"తెలిసింది," అన్నాడతను. "నా వీపు నా మొహం కన్నా అందమైందని మా హెలెన్ ఎప్పుడో చెప్పింది."

భార్య హెలెన్ బడి వంటగదిలో పనిచేస్తుంది. సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి, బూట్లు విప్పి, మోకాళ్ళ మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చుంటే, రేడియోలో విన్న ఆటంతా ఆమే పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆట జరిగిన చోటు నుంచి వచ్చినవాడికి, ఆటకు వెళ్ళని మనిషి ఆట చెప్పడం! చలికాలాలన్నీ రొట్టెల కార్ఖానాలో బస్తాలు మోశాడు. వేసవులన్నీ ఈ మెట్లు మోశాడు. ఎవరికీ అపకారం చేయలేదు, పేపర్లో పేరు పడలేదు. పిల్లలు లేరు. 'నలభై ఒక్క ఏళ్ళలో ఒక్క ఔటయ్యా' అనుకున్నాడు, ఎనిమిదో ఇన్నింగ్స్ మూడు విసుర్లలో ముగిసిపోతుంటే. 'మూడు వేల పైచిలుకు ఆటల్లో ఒక్కటి.' పక్కన ఖాళీ కుర్చీ, దాని మీద లొరేన్ చేతిసంచి.

తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలైంది. ముప్ఫైవేల మంది లేచి నిలబడ్డారు. లొరేన్ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చి కూర్చో కాజ్," అంది. "ఇచ్చిన మాట మాటే. ఏమైతే అదవుతుంది."

డ్వేన్ కళ్ళు మూసుకున్నాడుగానీ వద్దనలేదు.

కాజ్ కుర్చీ వైపు చూశాడు. తర్వాత ఆ మొహాల వైపు చూశాడు. పదేళ్ళు ఓడి ఓడి, ఓటమి మీద జోకులేసుకుని బతికిన మొహాలు. ఇవాళ వాటి మీద ఒక్క జోకూ లేదు.

"నాకు కూర్చోవడం అలవాటు లేదు," అన్నాడు. "మోకాళ్ళు తీసుకున్న అలుసు చాలు, నడుముకు కూడా ఇవ్వను." అంటూ తొక్కల్లో కాళ్ళు ఇంకాస్త గట్టిగా పాతాడు.

మొదటి బ్యాటరు ఔట్. ఇంకో ఇద్దరు పోతే ఆట ముగిసినట్టే. ఆ అరుపు వీపుకు పెద్ద అలలా తగిలింది. సరిగ్గా అప్పుడే పెద్ద తెర మీద అతని బొమ్మ పడింది: ముప్ఫైవేల మందిలో మైదానానికి వీపు పెట్టి నిలబడ్డ ఒకే ఒక్క మనిషి.

"ఎవడ్రా వాడు? మ్యూల్స్ మనిషా?" పైఅంతస్తు నుంచి కేక. "ఇంత ఆట జరుగుతుంటే వీపు పెడతాడా? తిరగరా!" అరుపులు, ఈలలు, ఛీకొట్టడాలు. కాజ్ చెవులు ఇటుక రంగు దాటి ఎర్రబడ్డాయి. ఈ జనం కోసమే కదా ఈ శిక్ష.

తట్టలవాళ్ళ మీద సూపర్‌వైజరు బ్రాడ్, వాకీటాకీ ఊపుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, పక్కా నిబంధనల మనిషి.

"కాజ్ గారూ, ఏమిటిది? నాలుగు ఇన్నింగ్స్‌గా ఒకేచోట నిలబడ్డారట! ఆఖరి రోజున సమ్మె చేస్తున్నారా?"

"సమ్మె కాదు బాబూ, సాయం," అన్నాడు డ్వేన్.

"దేనికి సాయం?"

"అదే... దానికి."

"దేనికండీ?"

"చెప్పకూడదు తమ్ముడూ. అది. జరుగుతున్నది."

"ఏం జరుగుతోంది?"

"అది చెబితే జరగదు కదా!"

బ్రాడ్ స్కోరుబోర్డు వైపు చూశాడు. మ్యూల్స్ వరుసలో వరసగా సున్నాలు. నోరు తెరిచాడు. చుట్టూ ఆరు చేతులు పల్లీల గుప్పెళ్ళతో సిద్ధంగా లేచాయి. నోరు మూశాడు. ఆ క్షణంలోనే పెన్యా రెండో బ్యాటర్ని ఔట్ చేశాడు.

వెనుతిరగబోయిన బ్రాడ్ చొక్కా లొరేన్ పట్టుకుంది. "ఎక్కడికి? నువ్వొచ్చాకే రెండోవాడు పోయాడు. నువ్వూ కదలకు."

నిబంధనల మనిషి కిక్కురుమనకుండా పైమెట్టు మీద నిలబడిపోయాడు.

టక్!

బంతి ఎత్తుగా లేచింది. కాజ్‌కు బంతి కనబడలేదు. డ్వేన్ గుప్పిట్లో నలుగుతున్న పల్లీల పొట్లం కనబడింది. ఎరిక్ పెదాలు ఏదో లెక్కిస్తున్నట్టు కదిలాయి. బ్రాడ్ ఎడమచేత్తో తన చెవి తానే పట్టుకున్నాడు. ఎర్రరంగు పెదాల మధ్య లొరేన్ పెన్సిలు కొరుకుతోంది. గడ్డాలు లేచాయి, నిలిచాయి, కుడికి జరిగాయి. ఎవరో పరుగెత్తుతున్నాడు, చాలా దూరం పరుగెత్తుతున్నాడు. కాజ్ మెడ దానంతటదే తిరగబోయింది. అంగుళం తిరిగింది. పళ్ళు బిగించి ఆ అంగుళాన్నీ వెనక్కి లాక్కున్నాడు.

గడ్డాలు దిగాయి. దిగాయి. ఆగాయి.

లొరేన్ నోట్లో పెన్సిలు రెండు ముక్కలైంది.

ఆ తర్వాత శబ్దం లేదు, ఒక్క క్షణం. ఆ తర్వాత శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ఇంతసేపూ మింగిన మాటను ముప్ఫైవేల మంది ఒక్కసారిగా కక్కారు: "నో-హిట్టర్! నో-హిట్టర్!" డ్వేన్ అల్లుణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. "ఇప్పుడు అను! ఎన్నిసార్లైనా అనుకో!" బ్రాడ్ తన వాకీటాకీని ముద్దు పెట్టుకున్నాడు.

కాజ్ అప్పుడు తిరిగాడు. మైదానం మధ్య ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు కుప్పగా పడి ఉన్నారు. బంతి ఎక్కడుందో తెలియలేదు.

"నీకు చూపించలేకపోయాం," అంది లొరేన్, కళ్ళు తుడుచుకుంటూ.

"చూశాను లొరేన్. నువ్వు పెన్సిలు తినడం కూడా చూశాను. అది వాళ్ళెవరూ చూడలేదు."

అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నప్పుడు, కాజ్ ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళిపోయాడు. సామాన్ల గది కిటికీలో ఖాళీ తట్ట, మెడపట్టీ, గుర్తింపు బిళ్ళ పెట్టేశాడు. అక్కడ ఎవరూ లేరు. అందరూ ఆట చూడటానికి పరిగెత్తినట్టున్నారు. గేటు దాటి ఎండలోకి వచ్చాడు.

లోపల కెమెరావాళ్ళు డ్వేన్‌ను పట్టుకుని ఆ వీపు మనిషి సంగతి అడిగారు, అతను పైపు పగిలినట్టు అంతా చెప్పాడు, లౌడ్‌స్పీకర్లో ప్రకటన వచ్చింది: "ఇందాక మనం ఛీకొట్టిన పెద్దాయన మ్యూల్స్ మనిషి కాడు. పేరు కాజ్ ద్రోబ్నీ. మన అదృష్టం చెడుతుందని నాలుగు ఇన్నింగ్స్ కదలకుండా, తిరక్కుండా నిలబడ్డాడు. ఇవాళే ఆయన పనికి ఆఖరి రోజు." ఛీకొట్టినవాళ్ళే చప్పట్లు మొదలుపెట్టారు.

బస్టాపు దగ్గర కాజ్‌కు ఆ చప్పట్లు వినిపించాయి. పెన్యా కోసమనుకుని, ఖాళీ చేతులతో తనూ నాలుగు చప్పట్లు కొట్టాడు. బస్సు వచ్చింది.

కెమెరా అతన్ని వెతుక్కుంటూ తొమ్మిదో వరుస మెట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ఊరంతా చూస్తుండగా పెద్ద తెర మీద కనబడ్డాయి: చీలమండల ఎత్తున పేరుకున్న పల్లీ తొక్కల మధ్య, ఒక్క తొక్కా పడని రెండు బూట్ల జాడలు, మడమలు మైదానం వైపు.