గుండీల డబ్బాలో బలం బిళ్ళలు

ఆ వీధిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఆవిడను అందరూ టేపక్క అనేవారు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది గానీ, ఆవిడ దాన్ని వాడగా చూసినవాళ్ళు లేరు. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి కత్తెర పట్టేది. కొలతలు కాగితం మీద రాసుకోవడమంటే ఆవిడకు నామోషీ. గౌను బిగుతైందని ఎవరైనా తిరిగొస్తే, ఒళ్ళు చేసింది మీరేనని నెపం వాళ్ళ మీదికే నెట్టేసేది.

కూతురూ, మూడేళ్ళ మనవరాలు బుడంకాయా ఆవిడ దగ్గరే ఉంటున్నారు. కూతురికి ఆరో నెల. మొదట్లో నాలుగు మెట్లెక్కితే చాలు, కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. అబద్ధమెందుకు, అవి బాగా పనిచేశాయి. కూతురి మొహంలో కళ వచ్చింది. దాంతో టేపక్కకు వాటి మీద గురి కుదిరి, 'బలం బిళ్ళలు' అని పేరు కూడా పెట్టేసింది. బలానికి వేసుకునేది మందెలా అవుతుందని ఆవిడ వాదన. అట్టలోంచి మాత్ర నొక్కి తీయాలంటే వేళ్ళు నొప్పెడుతున్నాయని, కొత్తగా తెచ్చిన అరవై మాత్రలనూ ఒకేసారి అట్టలు కత్తిరించి ఖాళీ గుండీల డబ్బాలో పోసింది. మాత్రలు ఎర్రగా, నున్నగా ఉన్నాయని గుర్తుకు మూత మీద ఎర్ర గుండీ ఒకటి అంటించింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆ పొద్దున పదింటికి ఆవిడ మిషను తొక్కుతుంటే, బల్ల కింద బుడంకాయ భళ్ళున వాంతి చేసుకుంది. వంగి చూస్తే వాంతిలో ఎర్రటి పెచ్చులు. పక్కనే ఎర్ర గుండీ మూత బోర్లా పడి ఉంది. టేపక్క పిల్లనూ డబ్బానూ ఎత్తుకుని, కూతురిని వెంటబెట్టుకుని పరుగెత్తింది.

పిల్లల ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ముందు ఎక్స్‌రే తీయించాడు. పిల్ల కడుపులో మూడు తెల్లటి చుక్కలు కనిపించాయి. కనిపించేవి మూడేనని, నమిలి మింగినవి ఇందులో కనపడవని చెప్పి, మొత్తం ఎన్ని తిందో తేల్చమన్నాడు. కూతురు డబ్బాను బల్ల మీద బోర్లించి లెక్కపెట్టింది. ఇరవై నాలుగున్నాయి. రోజుకొకటి చొప్పున తను ఇరవై రెండు వేసుకుంది. ఇంకా ముప్పై ఎనిమిది ఉండాలి.

"పద్నాలుగు లేవండీ" అంది.

డాక్టరు మొహం మారింది. పన్నెండు కిలోల పిల్లకు పద్నాలుగంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని దాచకుండా చెప్పాడు. విరుగుడు మందు ఇప్పుడే ఎక్కించాలి, అదీ తేలికైన మందు కాదు. తక్కువ తిని ఉంటే మాత్రం కడుపు శుభ్రం చేసి, రక్తపరీక్ష చేసి కనిపెట్టుకుని ఉండొచ్చు. వాంతులు ఆగి పిల్ల ఆడుకుంటున్నా నమ్మొద్దని, కాసేపు నెమ్మదించి మళ్ళీ విరుచుకుపడే విషమిదని కూడా అన్నాడు. అప్పటికే బుడంకాయ ఆయన స్టెతస్కోపు లాగుతూ ఆడుతోంది.

ఎన్ని తిన్నావని డాక్టరు పిల్లను బుజ్జగించి అడిగాడు. పిల్ల అమ్మమ్మ వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. భయపడిందనుకున్నారు అందరూ. అది తను నేర్పిందేనని టేపక్కకు మాత్రం తెలుసు.

కూతురు కోలుకోవడం చూసి, తన మోకాళ్ళకూ కాస్త బలం వస్తుందని ఆవిడ కొన్నాళ్ళుగా ఆ డబ్బాలోవి దొంగచాటుగా మింగుతోంది. కనపడిందల్లా మింగొద్దని కూతురు అదివరకే ఓసారి కేకలేసింది. ఓ మధ్యాహ్నం బుడంకాయ చూసేసింది. ఇవి తింటే బలం వస్తుందని టేపక్క దానికి చెప్పి, "చచ్చినా అమ్మకు చెప్పకు" అని నవ్వుతూ పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

"అందులో కొన్ని నేను తిన్నాను" అంది టేపక్క.

కూతురు చూసిన చూపుకు ఆవిడ తల ఎత్తలేకపోయింది. ఎన్ని అని డాక్టరు అడిగాడు. అలవాటు కొద్దీ "ఓ పది ఉంటాయేమో" అనేసింది.

"ఉజ్జాయింపు కాదమ్మా. లెక్క కావాలి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. తారీఖులు ఆవిడకు ఎప్పుడూ గుర్తుండవు, కుట్టిన బట్టలు గుర్తుంటాయి. నీలం గౌనుకు కాజాలు తీసిన రోజు ఒకటి. బడి చొక్కాలు కత్తిరించిన రెండు రోజులకు రెండు. టీచరమ్మ కోటు విప్పి మళ్ళీ కుట్టిన రోజు ఒళ్ళు హూనమై రెండు. కర్టెన్ల పని మూడు రోజులు, మూడు. నిన్న ఒకటి.

"తొమ్మిది."

ఖాయమేనా అని డాక్టరు రెట్టించాడు. ఖాయమే అంది. అంటే పిల్ల తిన్నవి ఐదు. ఆయన విరుగుడు సిద్ధంగా ఉంచమని, ముందు కడుపు శుభ్రం చేయమని చెప్పి, రక్తపరీక్షకు గంటలు లెక్కేసి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఆవిడను అసలు భయం పట్టుకుంది. కోటు రోజున రెండా, ఒకటేనా? తను వేసుకున్నవి తక్కువైతే పిల్ల తిన్నవి అంతకంత ఎక్కువ. జన్మలో మొదటిసారి, రాసుకోనందుకు తనను తాను తిట్టుకుంది.

ముక్కులోంచి గొట్టం వేస్తుంటే పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. అది నిద్రేనా అని టేపక్క నిమిషానికోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కూతురు పక్కనే కూర్చుంది గానీ మొహం అటు తిప్పుకుంది.

సాయంత్రానికి పరీక్ష వచ్చింది. ప్రమాదం దాటలేదు గానీ, దాటేటట్టే ఉందన్నాడు డాక్టరు. రేపటిదాకా ఇక్కడే ఉండాలన్నాడు. కూతురిని మాత్రలు మానొద్దని, ఆమెకు అవి కావలసినవేనని చెప్పాడు. ఒంట్లో ఎక్కువైన ఇనుము అంత తేలిగ్గా బయటికి పోదని, రేపు రక్తం ఇచ్చి వెళ్ళమని టేపక్కకు చెప్పాడు. ఆవిడ తలూపింది.

అప్పుడే బుడంకాయ కళ్ళు తెరిచింది. అమ్మమ్మను చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నేను చెప్పలేదు అమ్మమ్మా" అంది గుసగుసగా. "చచ్చినా చెప్పను."

టేపక్క ఆ చిన్న వేలిని పెదవుల మీంచి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.