కళ్లు పెట్టిన కోటసారస్

సాయిలు చేసిన తప్పల్లా ఒక్కటే. శుక్రవారం మంచి రోజని దానికి కళ్లు పెట్టేశాడు.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల కంపెనీ ముందు, పచ్చికలో, సిమెంటు కోటసారస్ నిలబడింది. డైనోసార్ అంటే మనుషుల్ని నమిలే సినిమా రాకాసే మన జనానికి. మెడ చాచి ఆకులు మేసిన ఈ సాధుజీవి ఎవరికి పట్టింది? దాని ఎముకలు దొరికింది ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. సాయిలుదీ ఆ దిక్కే. మూసాపేటలో ఇరవై ఏళ్లు పోచమ్మ విగ్రహాలు చేసిన చేతులతో, మూడు నెలలు ప్రాణం పెట్టి నిలిపాడు. పని నచ్చితే కూతురు సంధ్యకు లోపల హౌస్‌కీపింగ్ ఉద్యోగం ఇస్తామన్నారు. మొగుడు వదిలేసిన పిల్ల, చంకలో బిడ్డ. ఆ ఇంటికి అదొక్కటే ఆశ.

శనివారం మేనేజరు రామాంజనేయులు వచ్చి, గేటు దగ్గర నిలబడి మొహం చిట్లించాడు.

"తల సరిగ్గా కంపెనీ పేరుకి అడ్డొస్తోందయ్యా. సోమవారం ప్రారంభోత్సవం. ఫోటోల్లో పేరు కనపడొద్దూ? మెడ సగానికి కోసెయ్."

"మొన్న చెప్తే నేనే కోస్తుంటి సార్. నిన్న కండ్లు పెట్టిన. కండ్లు పెట్టినంక పానమొచ్చినట్టే, దానిమీద ఇనుము లేపొద్దు. మా పనిల గట్ల చెయ్యం."

"అదేమన్నా అమ్మవారా? బల్లి!" పడీపడీ నవ్వాడు. "కొయ్యకపోతే మీ అమ్మాయి రానక్కర్లేదు. ఆ ఉద్యోగానికి పదిమంది కాచుకునున్నారు."

సాయిలు కాళ్లు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు.

అన్నం తెచ్చిన సంధ్య అంతా విన్నది. టిఫిన్ కింద పెట్టి, బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టి, సుత్తె అందుకుని నిచ్చెనెక్కింది.

"వద్దు బిడ్డా!"

"నువ్వు కొట్టకు నాయినా. నేను కొడ్త."

చంటిబిడ్డను ఎత్తుకున్నవాడు నిచ్చెన ఎలా ఎక్కుతాడు? సిమెంటు రాలింది. లోపలి చువ్వల్ని రంపంతో కోసింది. తల కిందపడ్డప్పుడు సాయిలు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం పొద్దున్నే జోరువాన. ప్రారంభోత్సవం లోపల హాల్లో జరిపారు, ఫోటోలన్నీ అక్కడే తీశారు. కొత్త నీలం యూనిఫాంలో వచ్చిన సంధ్యకు రామాంజనేయులు చెప్పిన మొదటి పని, ఆ తలను చెత్తబండిలో పడెయ్యమని. గేటు బయట తండ్రి తడుస్తూ చూస్తున్నాడని ఆమెకు తెలుసు. కళ్లు కనపడకుండా బోర్లా పడేసింది.