మూడున్నర దాకా

“రేపు పొద్దున తొమ్మిదింబావు లోపల అలర్టులన్నీ పెట్టేయ్ కార్తీ. పదహారు దినాలూ అయిపోయె కదా,” అన్నాడు భర్త హరికృష్ణన్, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ.

కార్తీశ్వరి అప్పుడు గ్రైండరు రాయి కడుగుతోంది. విరుదునగర్‌లో అమ్మకి పదహారో రోజు కర్మకాండ, కరుమాది ముగించి, కోవిల్‌పట్టిలో అత్తగారింటికి వచ్చి నిండా ఒక రోజు కాలేదు. తల్లి పోయి వచ్చిన మనిషిని నిద్రపోయావా, తిన్నావా అని అడగడం ఆ ఇంటి మగవాళ్లకి చేతకాదు. చేతకాదని పెళ్లయిన పన్నెండేళ్లుగా ఆమే వాళ్ల తరఫున సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడూ అలవాటు కొద్దీ “సరి బావా” అనేసింది. అన్నాక చేతిలో రాయి ఎందుకో బరువెక్కింది.

అలర్టులంటే పెద్ద విడ్డూరమేమీ కాదు. షేర్ల ధరలు ఎక్కుతూ దిగుతూ సెల్‌ఫోన్‌లో గీతలు గీస్తుంటాయి. గీత ఫలానా చోటికి వచ్చినప్పుడు నాకు చెప్పు అని ఆప్‌లో పెట్టుకుంటే, వచ్చినప్పుడు టింగుమని మోగుతుంది. నెల దాటితే దాని గడువు తీరిపోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. కార్తీశ్వరి లేని పదహారు రోజుల్లో అన్నీ గడువు తీరి ఊరుకున్నాయి. పెట్టడం ఎవరైనా పెట్టొచ్చు. ఏ మనిషికి ఎక్కడ మోగాలి అన్నదే అసలు విద్య. ఆ విద్య ఆ ఇంట్లో ఒక్క కార్తీశ్వరికే వచ్చు. విరుదునగర్‌లో బీయెస్సీ లెక్కలు చదివిన పిల్ల ఆమె. ఆ చదువు చివరికి అలా అక్కరకొచ్చింది.

హరికృష్ణన్‌ది ఒక్క పూట వ్యాపారం. పొద్దున కొన్నది సాయంత్రం లోపల అమ్మేయాలి. అతనికి పదిహేను నిమిషాల చార్టు, దాని కింద ఆర్‌ఎస్‌ఐ అనే అంకె. అది డెబ్బై దాటితే జనం మితిమీరి కొన్నారని, ముప్పై దిగితే మితిమీరి అమ్మారని గుర్తు. అందరూ డెబ్బై, ముప్పై పెట్టుకుంటారు. ఆమె భర్తకి డెబ్బై అయిదు, ఇరవై అయిదు పెట్టింది. డెబ్బైకే పెడితే రోజుకి ఇరవై సార్లు మోగుతుంది, మోగిన ప్రతిసారీ అతను ఎగిరి దూకుతాడు. పైగా పదిహేను నిమిషాలూ నిండాకే మోగాలని పెట్టింది, అంకె ఒక్క క్షణం అటు తొంగిచూసి వెనక్కొచ్చినందుకల్లా మోగకుండా. అతనికి లేని ఓపికని ఆమె ఆ ఆప్‌లో పెట్టింది. ఈ సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు.

మరిది సెల్వకుమార్ తిరుత్తంగల్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేనేజరు. కొన్నది వారం పది రోజులు ఉంచుకునే రకం. అతనికి ఇరవై రోజుల సగటు గీత యాభై రోజుల గీతని దాటాలి, ఆ రోజు కొనుబడి అమ్ముబడి మామూలు కంటే ఎక్కువుండాలి, రెండూ కలిస్తేనే మోగాలి. మామ దామోదరసామికి బజారులో ఎరువుల అంగడి. ఆయన కొంటే ఏళ్లకేళ్లు కదిలించడు. ఆయనకి వారానికొక్కసారి, శుక్రవారం మార్కెట్ మూసేటప్పుడు, ధర నలభై వారాల సగటు కిందికి జారితేనే మోగేది. ఏడాదికి రెండుసార్లు మోగితే గొప్ప.

నిజం చెప్పాలంటే ఆమెకి ఈ పని ఇష్టం. ఒక్కొక్కరి గుణం చూసి దానికి తగ్గ గీత వెతకడంలో ఆమె బుర్రకి పాత రోజుల హుషారు వచ్చేది. ఇప్పుడు ఆ ఇష్టాన్ని తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

ముగ్గురి మోతలూ ఆమె సెల్లులోనే. “నా పక్కన అది కీకీమంటే నాకు తలనొప్పి. నువ్వు విను, మంచిది మాత్రం వచ్చి చెప్పు,” అన్నాడు భర్త. “ఆఫీసులో ఓనరు చూస్తాడు వదినా, నువ్వు ఒక మాట ఫోను చేసి చెప్పేయ్,” అన్నాడు మరిది. “నాకు ఆ బటన్లన్నీ తెల్దమ్మా,” అన్నాడు మామ, ముప్పై ఏళ్లుగా అంగడి నడుపుతున్న మనిషి. కాబట్టి తొమ్మిదింబావు నుంచి మూడున్నర దాకా సెల్లు ఆమె నడుము దగ్గరే ఉండాలి. పోపు వేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, చెవి దాని మీదే. స్నానానికి పోతే తలుపు బయట స్టూలు మీద పెట్టుకునేది. లాభం వస్తే హరికృష్ణన్ బుర్ర. నష్టం వస్తే ఆమె చెవులు. “వంటింట్లో ఏం చేస్తాండావు అంత సేపు? రెండు నిమిషాలు ముందు చెప్పి ఉంటే తప్పించుకొని ఉంటిని,” అనేవాడు. ఆ రెండు నిమిషాల్లో కూర మాడకుండా దించిందని చెప్పాలని నోటి దాకా వచ్చేది. దించిన కూర తినేదీ అతనే కదా అని ఊరుకునేది.

రెండేళ్ల కింద ఒక రోజు పదకొండు గంటలప్పుడు అమ్మ ఫోను చేసింది. ఊరికే చేసింది. ఒక పెళ్లికూతురి జాకెట్టు కుట్టి ముగించానని, చేతి పని బాగా కుదిరిందని చెప్పుకోవడానికి. అమ్మ పేరు జానకియమ్మాళ్. విరుదునగర్‌లో చిన్న అద్దె ఇంట్లో ఒక్కతే ఉండి, కుట్టుమిషను మీద తన బతుకు తనే నడుపుకునేది. అమ్మతో మాట్లాడుతూ ఉండగా అలర్టు మోగింది, కార్తీశ్వరి వినలేదు. హరికృష్ణన్ హాల్లోంచి వచ్చాడు. “మీ అమ్మకి వేళాపాళా లేదా? బుర్ర ఉండేవాళ్లు మార్కెట్ టైములో ఫోను చేస్తారా?” అన్నాడు, సెల్లు ఇంకా ఆమె చెవి దగ్గరుండగానే.

ఆమె అతన్ని ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అమ్మకి ఫోను చేసి, “ఏమ్మా, నీకు వేళాపాళా లేదా? మార్కెట్ టైములో చెయ్యొద్దు,” అంది. బుర్ర మాట మాత్రం తీసేసింది. అది తీసేసినందుకు తాను అమ్మకి మర్యాద చేశానని కూడా అనుకుంది.

“సరి పాపా. నాకేమి తెలుసు? మార్కెట్ అంటే కూరగాయల మార్కెట్ మాదిరి పొద్దు కుంకేదాకా ఉంటుందనుకొంటిని. ఎన్ని గంటలకి మూస్తారు?”

“మూడున్నరకి.”

“అప్పుడుదా చేస్తాలే. నువ్వు పని చూడు.”

అంతటితో పోలేదు. మార్కెట్‌కి సెలవులు ఎప్పుడెప్పుడో అడిగి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ కుట్టుపని చాక్‌పీసుతో సున్నాలు చుట్టుకుంది. సెలవు రోజు పొద్దున్నే ఫోను చేసి, “ఈ దినం మూసిండారు కదా పాపా?” అని సంబరంగా అడిగేది. మిగతా రోజుల్లో సరిగ్గా మూడూ ముప్పై ఒకటికి. తొమ్మిదింబావు నుంచి మూడున్నర దాకా ఆప్ తప్ప ఏ ఫోనూ మోగకుండా కార్తీశ్వరి తన సెల్లులో కట్టడి పెట్టుకుంది. అమ్మ వేళకే చేస్తోంది కదా అని దాన్ని తీసేయాలని తోచలేదు. కొన్ని రోజులు మూడూ ముప్పై ఒకటికి వచ్చిన ఫోను కూడా, అలసిపోయి, మోగీ మోగీ ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంది. ఆ రోజులు ఎన్నో ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే ఒకటీ విడిగా గుర్తు రావడం లేదు.

పోయిన నెల ఆ శుక్రవారం కూడా మూడూ ముప్పై ఒకటికే మోగింది. “పని అయిపోయెనా పాపా? కొంచం వచ్చిపోతావా? ఎదలో ఏమో మాదిరి ఉండాది,” అంది అమ్మ. గొంతు సన్నగా ఉంది. కార్తీశ్వరి కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ గంట ప్రయాణం. బస్సు సాత్తూరు దాటకముందే అమ్మ పక్కింటి అంగమ్మాళ్ ఫోను చేసింది. ఆస్పత్రికి తీసుకుపోతుండగా ఆటోలోనే అయిపోయిందని చెప్పింది.

అంగమ్మాళ్ మిగతాది కరుమాది ముందు రోజు చెప్పింది. ఇద్దరూ అమ్మ ఇంట్లో కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్లకి ఇవ్వడానికి మూటలు కడుతున్నారు.

“పొద్దున పది గంటలకే నొప్పి వచ్చె కార్తీ. నేను జాకెట్టుకి వస్తే మిషను మీద తల పెట్టుకొని ఉండె. ఒళ్లంతా చెమట. కూతురికి ఫోను చెయ్యక్కా అంటే, ఇప్పుడు మార్కెట్ జరుగుతాండాది, మూడున్నరకి చేస్తాను, గ్యాసుదా, పోతుందిలే అనె. నేను పనికి పోయి రెండు గంటలకి వచ్చి చూస్తే, సెల్లు ఒళ్లో పెట్టుకొని గడియారం చూస్తా కూర్చొని ఉండె. ఆస్పత్రికి పోదాం రా అంటిని. నా పాప వచ్చి పిలుచుకొని పోతుంది, ఇంకొంచం సేపుదా అనె. నేనన్నా బలవంతం చేసి ఉండాల.”

కార్తీశ్వరి ఆ మాట విని మూట ముడి వేసింది. ముడి విప్పి మళ్లీ వేసింది. ఏడవలేదు. ఏడిస్తే ఎందుకని అంగమ్మాళ్ అడుగుతుంది, చెప్పాల్సి వస్తుంది. ఆ శుక్రవారం మార్కెట్ ఎటూ కదల్లేదని, పొద్దుట్నుంచీ రెండే రెండు అలర్టులు మోగాయని, రెండూ చెప్తే “ఇవి దేనికీ పనికిరావు” అని హరికృష్ణన్ తల తిప్పేసుకున్నాడని ఆమెకి బాగా గుర్తుంది. పదకొండు గంటలప్పుడు ఆమె వంటింటి గట్టు మీద సెల్లు పెట్టుకుని చిక్కుళ్లు ఒలిచింది. చేతులు ఖాళీగానే ఉన్నాయి. ఆ వేళకి బయల్దేరితే పన్నెండుకి అమ్మ దగ్గర ఉండేది.

అమ్మ తన మీద అలిగి ఉంటే బాగుండేది. ఏం పిల్లవే నువ్వు అని ఒక్కసారి తిట్టి, పది గంటలకే ఫోను చేసి, మోగకపోతే మళ్లీ మళ్లీ చేసి ఉంటే, తప్పిన పిలుపులైనా సెల్లులో ఉండేవి. ఒక్కటీ లేదు. అమ్మ అంత బుద్ధిగా మాట విన్నది. భర్త తనని అన్నదాన్ని తాను మడత విప్పకుండా తీసుకుపోయి, తనని ఎన్నడూ ఏమీ అనని మనిషి చేతిలో పెట్టింది. అతన్ని తిరిగి అనలేని కోపమంతా, తిరిగి అనదని తెలిసిన అమ్మ మీద తీర్చుకుంది. అంగమ్మాళ్ చెప్పినప్పట్నుంచీ ఆమెని నిద్రపోనివ్వనిది ఇదే. చావు కాదు.

ఆదివారం సాయంత్రం సెల్లు తీసుకుని వాకిట్లో కూర్చుంది. మామది పెట్టింది, నలభై వారాలు. మరిదిది పెట్టింది. భర్తది మొదలుపెట్టి, డెబ్బై అయిదు అని కొట్టేసరికి వేలు ఆగింది. ఇంకొక్క బటన్ నొక్కితే చాలు, రేపటి నుంచి అంతా ఎప్పటిలా అయిపోతుంది. సెల్లు నడుము దగ్గర, చెవి సెల్లు మీద. అమ్మ గడియారం చూస్తూ కూర్చున్న అయిదున్నర గంటలు ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియవు. అప్పుడా గంటలు ఎక్కడికి పోతాయి? ఆమె పెట్టిన రెండూ తీసేసింది. ఎందుకు తీసేశావంటే చెప్పడానికి మాట మాత్రం ఇంకా దొరకలేదు.

సోమవారం పొద్దున తొమ్మిది కాకముందే ఏళాయిరంపన్నై నుంచి పాపమ్మాళ్ పెద్దమ్మ వచ్చింది. అమ్మకి సొంత అక్క. మోకాళ్ల నొప్పితో కరుమాదికి రాలేకపోయింది. హాల్లో చాప మీద కూర్చుని, ఎట్ల జరిగిందని అడిగింది. లాప్‌టాప్ ముందు కుర్చీలో ఉన్న హరికృష్ణన్ చెప్పాడు. ఊరందరికీ చెప్పీ చెప్పీ అతనికి నున్నగా వచ్చేసిన మాటలు.

“అంతా ఒక్క గంటలో అయిపోయె పెద్దమ్మా. మూడున్నరకి ఎదనొప్పి అని ఫోను చేసిరి, నాలుగున్నరకంతా లేరు. కష్టపడలే, ఎవరినీ కష్టపెట్టలే. అట్ల పోయేదానికి పుణ్యం చేసి ఉండాల.” గడియారం వైపు చూసి, గొంతు మార్చకుండానే అన్నాడు. “కార్తీ, అలర్టులు పెట్టేస్తివా? ఇంక పది నిమిషాలుదా ఉండాది.”

కార్తీశ్వరి పెద్దమ్మకి కాఫీ గ్లాసు అందించింది.

“గంట కాదు పెద్దమ్మా,” అంది. “అమ్మకి పొద్దున పది గంటలకే నొప్పి వచ్చె. మూడున్నరకి మార్కెట్ మూసేదాకా ఫోను చెయ్యకుండా కాచుకొని ఉండె. అయిదున్నర గంటలు.”

హరికృష్ణన్ కుర్చీలో ఇటు తిరిగాడు. “ఎవరు చెప్పిరి నీకు? అట్లుంటే అప్పుడే చేసి ఉండచ్చు కదా? ఎవరు వద్దనిరి?”

“నేనుదా వద్దంటిని.” ఆమె గొంతు లేవలేదు. “మీరు నన్నంటిరి. నేను దాన్ని తీసుకొని పోయి అమ్మని అంటిని. అనకుండా ఉండచ్చు. అంటిని. ఆ తప్పు నాది బావా, అది నాతోనే ఉంటుంది, మీకు పంచను. కానీ ఇంకమీద ఈ ఇంట్లో ఎవరి మాటా మోసుకొని పోయి ఇంకొకరికి చెప్పేదానికి నేను లేను. మీ సెల్లులో మీరే పెట్టుకోండి. మీరే వినండి.”

కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గ్లాసు కింద పెట్టి, తన పక్కన చాప మీద చేత్తో తట్టింది. మార్కెట్ వేళ కావస్తే ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడరు. కార్తీశ్వరి ఆ చాప మీద కూర్చుని, అమ్మ పోయిన తర్వాత మొదటిసారి, వీధికంతా వినబడేటట్టు ఏడ్చింది.