అరవై నిండని విధవరాలు

"నీకు అరవై నిండాయా కొప్రియా?" అని క్రైస్తవ సంఘపు పెద్ద మెనెక్లు అడిగాడు. అమ్మా నాన్నా ఉన్నవాళ్ళకు అదీ ఒక ప్రశ్నేనా, ఠక్కున చెప్పేస్తారు. కొప్రియా హియెరాపొలి పట్నం ఉత్తర ద్వారం బయట పెంటకుప్ప మీద దొరికిన పిల్ల. అలా దొరికిన ఆడపిల్లలకు ఆ ఊళ్ళో పెట్టే పేరే అది, పెంటమ్మ అన్నట్టు. ఎవరు ఎత్తుకుంటే వాళ్ళకు దాసి. పారేసినవాళ్ళు ఏ రోజు కన్నారో ఎవడికి కావాలి?

మెనెక్లు ఒళ్ళో ఎఫెసు నుంచి కొత్తగా వచ్చిన ఉత్తరం నకలు ఉంది. అరవై నిండని విధవను సంఘం సాకే విధవల జాబితాలో రాయొద్దని, వయసులో ఉన్నవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని క్రీస్తు పంపిన అపొస్తలుడి మాట. జాబితాలో పేరున్న ఏడుగురు విధవలూ పెద్దగారి మేడ మీద ఒకే గదిలో ఉంటారు. ఒకే కుండలో వండుకుంటారు, పోట్లాడుకుంటారు, ఒకరి కాళ్ళు ఒకరు పడతారు. కొప్రియాకు కావలసింది ఆ గదే. తిండికేం కొదవలేదు, వేణ్ణీళ్ళ కాలువ దగ్గర ఉన్ని కడిగితే ఒక్క పొట్ట నిండకపోతుందా? మొగుడు దామా పోయి నాలుగు నెలలైంది. పిల్లలు లేరు. సంఘం కూడే ఒక ప్రభువు దినానికీ ఇంకో ప్రభువు దినానికీ మధ్య ఆమె నోరు విప్పే పని ఉండడం లేదు. మొన్న పప్పు కుండతో "పొంగకే తల్లీ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడింది.

"నిండకపోతే మరీ మంచిది!" అంది ఎల్పిస్, ఆ ఏడుగురిలో నోరున్న మనిషి. "చేసుకోవే పెళ్ళి! రంగులవీధిలో పళ్ళు లేని ముసలాడున్నాడు. నీకూ లేవు. ఈడూ జోడూ కుదిరింది."

అందరూ పగలబడి నవ్వారు. కొప్రియా కూడా నవ్వింది. తననిలా ఆటపట్టించేవాళ్ళు రోజూ పక్కనుంటే ఇంకేం కావాలి అనిపించింది.

"సాక్షి ఒకరుండాలమ్మా," అన్నాడు మెనెక్లు. "నీ పుట్టుక ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నది ఒక్కతే. కుప్ప మీంచి ఎత్తుకున్న యజమానురాలు అమ్మియా. దామాను చేసుకున్నప్పుడు విడుదల పత్రం రాసిచ్చింది ఆవిడే. బాప్తిస్మం తీసుకుందని తెలిసిన రోజున, "సిలువ మీద చచ్చినవాడికి మొక్కేదానివి, నా గడప తొక్కకు" అని తరిమిందీ ఆవిడే. ఇరవై ఏళ్ళవుతోంది.

అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. అమ్మియా వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. కళ్ళకు పొరలు కమ్మాయి.

"ఎవరే అది? ఉన్ని కంపు కొడుతున్నావు. కొప్రియావా?"

"నేనే అమ్మగారూ."

"ఇన్నేళ్ళకు గుర్తొచ్చానా? మీ దేవుడు గానీ పంపాడా?"

"నా వయసెంతో అడుగుదామని వచ్చానమ్మగారూ."

"యాభై ఏడు," అంది ముసలామె. వేళ్ళు మడిచింది లేదు, ఆలోచించింది లేదు. "నా కొడుకు తియోన్‌కు అప్పుడు మూడో నెల. వాడు తాగగా మిగిలిన పాలు నీకిచ్చాను. ఆరో ఏట వాడు పోయాడు. అయినా ఏటేటా లెక్కపెడతాను. ఉంటే వాడికి ఇన్నేళ్ళు, దానికి మూడు నెలలు తక్కువ అని. నిన్ను వదిలేసి వాడి ఒక్కడి లెక్క పెట్టడం నాకు చేతకాదే."

కొప్రియా నేల మీద చతికిలబడి ఏడ్చింది. ఈ భూమ్మీద తన ఏళ్ళు లెక్కపెట్టే మనిషి ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని గది సంగతి, ఉత్తరం సంగతి చెప్పింది.

"ఓస్, అంతేనా! అరవై అని కబురు పంపుతాను. ఏ దేవత మీద ఒట్టెయ్యమంటే ఆ దేవత మీద వేస్తాను, నాదేం పోయింది? ఆ గదిలో నీతో మాట్లాడేవాళ్ళు ఉంటారా?"

"ఉంటారమ్మగారూ. ఏడుగురు."

"అదృష్టవంతురాలివే." ముసలామె వీధి వైపు చెవి పెట్టింది. "ఇక లే. నా కూతురి కొడుకు చూశాడంటే నన్ను బతకనివ్వడు. మళ్ళీ ఇటు రాకు."

ప్రభువు దినం వచ్చింది. అరవై అని అమ్మియా కబురు ముందే అందింది. మెనెక్లు జాబితా విప్పి కలం సిరాలో ముంచాడు. బల్ల మీద ఎల్పిస్ పక్కకు జరిగి ఒక మనిషికి సరిపడా చోటు చేసింది. రా రా అని కళ్ళతోనే పిలిచింది.

"నీ నోటితో కూడా చెప్పమ్మా. ఎన్నేళ్ళు?"

అరవై అంటే అయిపోతుంది. దారి పొడుగునా అదే వల్లె వేసుకుంటూ వచ్చింది. కానీ యాభై ఏడేళ్ళనూ ఒక తల్లి చచ్చిపోయిన కొడుకు పక్కన పెట్టి ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. పైన వెయ్యబోయే మూడేళ్ళు ఎవరూ లెక్కపెట్టినవి కావు. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ దొరికిన వయసు అది. దాన్ని పాడుచేసుకోవడానికి కొప్రియాకు మనసొప్పలేదు.

"యాభై ఏడు," అంది.

"నీ నోట్లో మన్ను పడ!" అని ఎల్పిస్ నెత్తి కొట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి ఆమెకు.

మెనెక్లు కలం పక్కన పెట్టాడు. "ఆవిడ అరవై అని పంపినా నువ్వు నిజం చెప్పావమ్మా, ప్రభువు చూస్తున్నాడు. మూడేళ్ళు ఓపిక పట్టు. ఎంతలో గడిచిపోతాయి!"

"పడతాను బాబూ. కానీ ఆవిడకు ఇప్పటికే ఎనభై దగ్గరపడ్డాయి. ఈలోగా ఆవిడ పోతే, నా ఏళ్ళు ఎవరు లెక్కపెడతారు?"

మెనెక్లు ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు, మళ్ళీ మొదటి వరుసకు వచ్చాడు. దానికి జవాబు అందులో లేదు. మేడ మీద ఎవరో ఏడు గిన్నెలు పరుస్తున్న చప్పుడు వినిపించింది. కొప్రియా గుమ్మం దగ్గర తన చెప్పులు వెతుక్కుని వేసుకుంది.