గాదె వెనక జవాబు

మా కనక ఇంటికి వెళ్తే గుమ్మంలో నిలబడి "లోపల ఎవరున్నారు?" అని అడగకండి. తలుపు మీద వేలితో తట్టండి, చాలు. ఎందుకో చెప్తాను.

కనక మా చెల్లెలు చిన్నమ్మి కూతురు. తొంభై మూడో నాలుగో, ఆ ఏడు వానలు వెనకబట్టగానే అనంతగిరి కొండల్లో జ్వరాలు పట్టుకున్నాయి. ఆ ఆదివారం మా రేకుల మందిరంలో పాస్టరు ప్రభుదాసుగారు ఆమోసు ప్రవక్త మాట ఒకటి తీశారు. ఆయనది తుని వైపు. మంచి మనిషి, కొండెక్కాలంటే మాత్రం ఆయాసం.

ఆ మాట ఇదీ. ఒక ఇంట్లో అందరూ చచ్చిపోతారు. శవాలు మొయ్యడానికి చుట్టం వస్తాడు. లోపలి మూలనున్న మనిషిని, ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. లేరు అని జవాబు. వెంటనే ఆ చుట్టం, ఊరుకో, దేవుని పేరు ఎత్తకూడదు అంటాడు.

"చావు ఇంట్లోనే కదమ్మా దేవుని పేరు కావాలి? ఎందుకు వద్దన్నాడు?" అని ఆయనే అడిగి, ఆయనే తల గోక్కున్నారు. "నాకూ తెలీలేదు. పెద్దల్ని అడిగి పై ఆదివారం చెప్తాను."

బయటికొచ్చాక మా మరిది మంగ్లు నవ్వాడు. "తెలీనిది సదవడం ఎందుకు వదినా?"

"నువ్వు తెలిసింది సదివేవేటి?" అన్నాను గానీ, నా కళ్లు ఎదుటి కొండ మీదున్నాయి. అక్కడ కాఫీ తోట పక్కన చిన్నమ్మిది ఒంటరి ఇల్లు. పొయ్యి పొగ లేదు.

"నిన్నా లేదు" అన్నాడు మంగ్లు.

"మరి సెప్పవేటిరా! నడు బేగి!"

పాస్టరుగారూ మా వెంట వచ్చారు. మిట్టమధ్యాహ్నమే మంచు దిగి దారి కనబడలేదు. ఇంటి ముందు కోళ్లు కూడా కదలకుండా నిలబడి ఉన్నాయి. లోపల పొయ్యి దగ్గర చిన్నమ్మి మొగుడు సుక్రు, వాడి పక్కన నా చెల్లెలు. ఇద్దరూ చల్లబడిపోయారు. కనక ఎక్కడా లేదు.

ఇద్దరినీ వాకిట్లోకి మోశాం. చిన్నమ్మి ముఖం మీద గుడ్డ నేనే కప్పాను. ఏడవడానికి వీల్లేదు, ముందు పిల్ల దొరకాలి. పేరు పెట్టి పిలవడానికీ లేదు. జ్వరం ఉన్న ఇంట్లో మేం పేరు పలకం. పలికితే జ్వరం ఆ పేరు నేర్చుకుంటుంది. ఇవన్నీ మానేశామని పాస్టరుగారికి చెప్పాం. చెప్పడం వరకే.

ఆయన గుమ్మంలో నిలబడి చీకట్లోకి వంగారు. "లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఎవులూ నేరు."

ఆ గొంతు చిన్నమ్మిది. కొండ మీద పశువుల్ని అదిలించి అదిలించి జీరపోయిన గొంతు, నాకు తెలీదా? వెనక్కి తిరిగాను. వాకిట్లో గుడ్డ నేను కప్పినట్టే ఉంది.

పాస్టరుగారు చెయ్యెత్తి "ప్రభువు..." అనబోయారు. నా అరచెయ్యి ఎలా లేచిందో లేచి ఆయన నోరు మూసింది.

"ఊరుకో" అన్నాను. ఆయన్ని నువ్వు అనడం అదొక్కసారే. నా చెయ్యి పైన ఆయన కళ్లు పెద్దవయ్యాయి. పొద్దున చదివిన మాట ఆయనకు గుర్తొచ్చింది. నాకూ వచ్చింది.

"నేరన్నాది కదా వదినా, పోదాం" అని గుసగుసలాడాడు మంగ్లు.

"నేకపోతే సెప్పిందెవులురా?"

లోపలికి వెళ్లి గోడ మీద వేలితో తట్టాను. ఏమీ లేదు. మళ్లీ తట్టాను. చోళ్లు పోసుకునే గాదె వెనకనుంచి సన్నగా తట్టిన చప్పుడు. రెండు చేతులతో నోరు మూసుకుని, ఒళ్లు పెనంలా కాలిపోతూ, కనక.

పిల్లని భుజానేసుకుని వాగు దాటాం. జీపులో ఆసుపత్రికి చేర్చాం. బతికింది.

తేరుకున్నాక ఒకరోజు అంబలి తాగుతూ అంది: "అమ్మ నన్ను మాటాడొద్దంది పెద్దమ్మా. ఎవులొచ్చి అడిగినా తనే సెప్తానంది."

"ఎప్పుడందే?"

"మీరు అమ్మని వాకిట్లోకి మోసీసినాక."

పై ఆదివారం పాస్టరుగారు ఆ మాట విప్పి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

కనకకి పెళ్లయింది. వద్దన్నా వినకుండా ఆ గాదెని కొత్త ఇంటికి మోయించుకుంది. మొన్న వానల్లో నేను వాళ్ల వాకిట్లో గిన్నెలు తోముతుంటే జ్వరాలు చూసే నర్సమ్మ వచ్చి గుమ్మంలోంచి కేకేసింది, "లోపల ఎవరున్నారమ్మా?" అని.

"ఎవులూ నేరు."

అదే జీర గొంతు. నర్సమ్మ వెనక్కి తిరిగింది. గిన్నె వదిలేసి లేచాను. ఆవిడ కొంగు పట్టుకుని లోపలికి లాక్కెళ్లాను. తల్లీ బిడ్డా నిద్రలో ఉన్నారు. బిడ్డ ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది.

మందులు పడ్డాయి, బిడ్డ తేరుకున్నాడు. ప్రార్థన చెయ్యడానికి పాస్టరుగారు వచ్చారు, ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. కనకా నేనూ బిడ్డతో వాకిట్లో ఎండలో కూర్చున్నాం. ఇల్లు ఖాళీ. ఆయన గుమ్మం దాకా వెళ్లి, నోరు తెరిచి, గాదెని చూసి, మూసుకున్నారు. తలుపు మీద వేలితో మెల్లగా తట్టారు.

గాదె వెనకనుంచి ఎవరో తిరిగి తట్టారు.